ఉంగరములో దూరు శాలువ

శాలువ యనగానే మనకు కాశ్మీరము జ్ఞప్తికి వచ్చును. సభలలో పండితులకు కప్పు శాలువయు, మార్గశిర పుష్యమాసములలో పెద్దలు భుజముల నిండ కప్పుకొను శాలువయు మన మెఱిగినవే. అవి మగ్గము మీద పడుగు పేకలతో నేయబడునవి. నేడు నేను చెప్పబోవు శాలువ మగ్గ మెఱుగనిది. ఇండ్లలోని స్త్రీలు సన్నని సూదులతో, ఒకే దారమును మెలికలుగా కూర్చి, చేతులతో అల్లినది. ఆరడుగుల నిడుపు, ఆరడుగుల వెడల్పు కలిగియుండియు అది 6, 7 తులములకు మించి తూగదు. ఒక మూల పట్టి పెండ్లియుంగరములో దూర్చి లాగినచో మొత్తము శాలువ ఆవలికి వచ్చును. అందుచేత దానికి ఉంగరపు శాలువ యనియే పేరు కలిగినది. అగ్గిపెట్టెలో ఇముడు చీరను నేసిన సిరిసిల్ల నేతపనివారి మాట వినియున్న మనకు ఇది నమ్మరాని సంగతి కాదు. ఆ శాలువను ఏ యున్నితో, ఏ విధముగా చేసిరో చెప్పుదును. చేసిన వారి చేతికి ఏమి దక్కినదో కూడ చెప్పుదును. ఈ రెండవది విడిచినచో చరిత్ర సగమే చెప్పినట్లగును.

స్కాట్లండు దేశమునకు ఉత్తరముగా, 100 మైళ్ళకు పైగా సముద్రము దాటిన పిమ్మట, శెట్లాండు అను ద్వీపముల గుంపు కలదు. చిన్నవి పెద్దవి కలిసి సుమారు 100 ద్వీపములు. జనులు నివసించునవి 16 మాత్రమే. నడి చలికాలమున అచ్చట పగలు ఆరు గంటలకు మించదు. నడివేసవిలో రాత్రియు పూర్తిగా చీకటి పడదు. ఎడతెగని గాలిచేత చెట్లు అరుదు. నేలయు పంటకు చాలదు. పూర్వము ఈ ద్వీపములు డెన్మార్కు, నార్వే దేశముల రాజు క్రింద నుండెను. 1469లో ఆ రాజు తన కుమార్తెను స్కాట్లండు రాజున కిచ్చి పెండ్లి చేసి, కట్నపు సొమ్ము చేతిలో లేక, ఈ ద్వీపములను 8,000 ఫ్లోరినులకు తాకట్టు పెట్టెను. ఆ తాకట్టు విడిపింపబడలేదు. కట్నమునకై భూమి చేయి మారుట మన గ్రామములలో కొత్తగాదు. ఇచ్చట ఒక దేశఖండమే చేయి మారినది.

ఇట్టి నేల మీద బ్రదుకు గొఱ్ఱె చిన్నది. మేత తక్కువ, చలి యెక్కువ. కాని దాని యున్ని మిక్కిలి సన్ననిది, మెత్తనిది. తెలుపే గాక గోధుమవన్నె, బూడిదవన్నె, నలుపు మొదలైన రంగులు పుట్టుకతోనే కలవు. వేసవి మొదట ఆ గొఱ్ఱె యున్ని తనంతట వదులగును. అప్పుడు శెట్లాండువారు కత్తెర పట్టక, చేతితో మెల్లగా లాగి తీయుచుండిరి. కత్తెరతో కోసిన వెండ్రుకకు మొన మొద్దుబాఱును. చేత తీసిన దానికి మొద్దు మొన యుండదు. మేలైన శాలువకు గొఱ్ఱె ఒంటి మీది యున్ని యంతయు పనికిరాదు. మెడ చుట్టును, భుజముల మీదను ఉండు యున్నిని వేఱుచేసి దానినే సన్నదారమునకు ఉంచుకొనిరి. తక్కినది మేజోళ్ళకు, చొక్కాలకు, దుప్పట్లకు పోవును.

ఇచ్చట మన గొంగడిని తలచుకొనుట మంచిది. మన దక్కను గొఱ్ఱె యున్ని మోటుగా, బిఱుసుగా నుండును. కురుమలు ఆ యున్నితో నేసిన గొంగడి భుజము మీద బరువుగా నుండును. కాని వానలో గొల్లవానికి అదియే యిల్లు, పొలమున అదియే పడక. ఆ యున్నితో ఉంగరపు శాలువ అల్లరాదు; శెట్లాండు మెడయున్నితో గొంగడి నేసిన ఒక వానకాలమును తట్టుకొనదు. ఉన్నిలో మేలు కీడు అనునవి పనిని బట్టి యేర్పడునవి. దారమును ఎన్నుకొనుటలో మొదటి పాఠ మిదియే.

ఏఱిన యున్నిని చేతితో విడదీసి, చెత్త తొలగించి, నూనె చేయి తగిలించి, దువ్వెనతో పోగులన్నియు ఒకే దిక్కునకు వచ్చునట్లు దువ్వుదురు. మన శ్రీకాకుళము జిల్లా పొందూరులో సన్నఖద్దరు వడుకు స్త్రీలు వాలుగ చేప దవడతో దూదిని దువ్వుట మీలో కొందఱు చూచియుందురు. అచ్చట చేప పండ్లు చేయు పనిని ఇచ్చట దువ్వెన చేయును. పిమ్మట చిన్న రాట్నము మీద వడకుదురు. పురి యెక్కువైనచో దారము గట్టిపడి మెలికలు తిరుగును. తక్కువైనచో అల్లికలో తెగును. ఆ నడిమి కొలత గ్రంథములలో దొరకదు; వడుకు స్త్రీ వ్రేళ్ళకే తెలియును. ఇట్లు వడికిన సన్నపోగులను రెండింటిని జతపఱచి, మొదటి పురికి ఎదురుగా పేనుదురు. అందుచేత రెండు పురులును ఒకదాని నొకటి సరిపఱచుకొనును. మిక్కిలి సన్నని శాలువలకు ఒంటిపోగునే వాడినవారును కలరు.

ఈ ద్వీపముల స్త్రీలు శాలువలు అల్లుటకు చాల ముందే మేజోళ్ళు అల్లి అమ్ముచుండిరి. పదునేడవ శతాబ్దమున చేపల వేటకై వేసవిలో అచ్చటికి డచ్చివారి పడవలు గుంపులుగా వచ్చుచుండెను. ఆ కాలముననే ఆ జాతి వర్తకులు మన బందరులో కొట్లు పెట్టి అద్దకపు బట్టలు కొనుచుండిరి; మనవారు వారిని వలందావారని పిలిచిరి; వారి పేరనే బందరులో వలందపాలెము వెలసెను. శెట్లాండులో ఆ వలందాపడవలవారు స్త్రీల యొద్ద ఉన్ని మేజోళ్ళు కొనుచుండిరి. కాలక్రమమున యంత్రపు మేజోళ్ళు చౌకగా వచ్చెను. పురుషుల ఉడుపులును మాఱెను. పొడుగు మేజోళ్ళకు గిరాకి తగ్గెను. చేతిలో పని యుండి కొనువారు లేని కష్టము ఎట్టిదో చేనేత గ్రామముల వారికి వేఱుగ చెప్ప నక్కఱలేదు.

ఆ కష్టకాలముననే, 1830వ సంవత్సరము తరువాతి దశాబ్దమున, చిల్లుల అల్లిక పైకి వచ్చినది. దానిని లోకమునకు చూపిన వారిలో ఇద్దఱిని చెప్పుదును. ఒకరు ఆర్థరు ఆండర్సను. ఈయన 1792లో శెట్లాండులోనే పుట్టి, లండనులో పెనిన్సులర్ అండ్ ఓరియంటల్ అను ఓడల సంఘమును స్థాపించిన వారిలో ఒకడయ్యెను. సూయజు నుండి చెన్నపట్టణము మీదుగా కలకత్తాకు టపాలు తెచ్చిన ఓడలు ఆ సంఘమువారివే. ఈయన తన ద్వీపముల అల్లికపనిని 1837లో విక్టోరియారాణికి కానుకగా పంపి, దానికి పేరు తెచ్చెను. రెండవవారు ఆక్సుఫర్డు పట్టణపు వర్తకుడు ఎడ్వర్డు స్టాండెను. 1839 ప్రాంతమున ఈయన శాలువల నమ్మకమునకు లండనులో దారి చేసెను. 1851లో లండనులో జరిగిన మహాప్రదర్శనమునందు శెట్లాండు శాలువలు చూపబడెను. నాటినుండి ధనికుల యిండ్లలో పసిబిడ్డలకు చుట్టుటకును, స్త్రీలు భుజములపై వేసికొనుటకును ఇవి వాడుకలోనికి వచ్చినవి. జనులు నివసించు ద్వీపములలో అన్నిటికంటె ఉత్తరమున నున్న అన్‌స్టు ద్వీపపు పని మేలైనదని పేరుపొందెను.

అల్లిక విధమును కొంచెము చెప్పవలయును. సూది మీద దారము మెలికలుగా నిలుచును. ఒక్కొక్క మెలికను మనము కన్ను అందము. దారమును సూదిపై ఒక చుట్టు అదనముగా చుట్టినచో ఒక కన్ను పెరుగును. దాని క్రింద చిల్లి యేర్పడును. ప్రక్కన రెండు కన్నులను ఒకటిగా అల్లినచో లెక్క తిరిగి సరిపోవును. పెంచుట, తగ్గించుట అను ఈ రెండింటి కూర్పుతోనే అలలు, పిల్లిపాదములు, పక్షికన్నులు, గుఱ్ఱపు లాడములు మొదలైన పనులన్నియు పుట్టినవి. మన స్త్రీలు చుక్కల లెక్కతో ముగ్గు పెట్టినట్లే వారును కన్నుల లెక్కతో పని పెట్టిరి. తల్లి చేతినుండి కూఁతురు చేతికి అది దిగివచ్చెను. చుట్టు అంచును మొదట అల్లి, దాని వెంబడి నాలుగు ప్రక్కల పట్టెలను, పిమ్మట నడిమి చదరమును అల్లి కూర్చుట పాతపద్ధతి. ఒక కన్ను జాఱినచో వరుస వరుస విప్పవలసి వచ్చును.

సూదుల నుండి దిగినప్పుడు శాలువ ముడుతలు పడిన గుడ్డవలె చిన్నదై యుండును. దానిని కడిగి, తెల్లవాటిని గంధకపు పొగ పట్టి, అంచున నున్న ప్రతి మొనకును దారము తగిలించి, కొయ్యచట్రములో బిగువుగా లాగి ఆరబెట్టుదురు. ఉన్నికి ఒక గుణము కలదు: తడిసినప్పుడు సాగిన రూపమును ఆరిన తరువాత నిలుపుకొనును. అప్పుడే చిల్లులన్నియు తెఱచుకొని పని కనబడును. ఇంత పలుచని వస్త్రము వెచ్చదనము నెట్లిచ్చునని కొందఱు అడుగుదురు. వెచ్చదనము నిచ్చునది పోగుల నడుమ చిక్కుకొని కదలక నిలిచిన గాలి. ఉన్ని పోగు వంకర తిరిగినది గావున గాలిని బాగుగా పట్టి యుంచును.

ఇక చేసిన వారి సంగతి. శెట్లాండు పురుషులు ఆఱు తెడ్ల పడవలలో ఒడ్డు కానరాని దూరము పోయి చేపలు పట్టుచుండిరి. అనేకులు భూస్వాముల కౌలుదారులు. ఆ భూమి నిలుపుకొనుటకు భూస్వామికో, అతడు చూపిన వర్తకునికో చేపల నీయవలసినవారు. 1881 జూలైలో ఒక్క తుపానునకు యెల్ అను ద్వీపపు గ్లూపు గ్రామము వైపు 58 మంది మునిగి చనిపోయిరి. అట్టి యిండ్లలో పొలము పని, పశువుల పని, పొయ్యిలోనికి పీటు అను బురదమట్టిని త్రవ్వి మోయుట స్త్రీల పాలనుండెను. వీపున బుట్టతో ఆ మట్టిని మోయుచు, నడుమున కట్టిన తోలుపట్టెలో సూది మొన గ్రుచ్చి, నడచుచునే అల్లుచుండిరి. మేలైన సన్నశాలువ మాత్రము అట్లు నడకలో అయ్యెడు పని కాదు. దానికి చేతులు శుభ్రముగా నుండవలయును, కన్ను నిలుకడగా నుండవలయును, నెలల కొలది కూర్చుండవలయును.

ఇట్లు చేసిన శాలువను లెర్విక్కు పట్టణపు అంగడికి తీసికొనిపోయినచో రొక్కము చేతికి వచ్చుట అరుదు. వర్తకుడు వెల కట్టి, దానికి బదులుగా తన అంగడిలోని గుడ్డలో, తేయాకో పుచ్చుకొమ్మనును. అప్పుడు ఏమియు అక్కఱలేకున్నచో ఒక చీటి వ్రాసి యిచ్చును. ఆ చీటి ఆ యంగడిలోనే చెల్లును. ఇంటిలో పిండి లేనివారు ఆ తేయాకును పల్లెలకు తీసికొనిపోయి, పిండికిని ఉర్లగడ్డలకును మార్చుకొనుచుండిరి. చీటిని తక్కువ సొమ్మునకు ఇతరులకు అమ్ముకొనిన వారును కలరు. భూమి లేక అల్లికయే జీవనమైన పట్టణపు స్త్రీలకు ఇంటి బాడుగ చెల్లించుటయే గండమయ్యెను. బాడుగ పుచ్చుకొనువాడు తేయాకు పుచ్చుకొనడు గదా!

1872లో ఆంగ్లప్రభుత్వము ఈ సంగతిని విచారించుటకు ఒక విచారణాధికారిని శెట్లాండునకు పంపెను. పురుషులును, స్త్రీలును అనేకులు సాక్ష్యమిచ్చిరి. ఆ సాక్ష్యములలో నా మనసునకు నాటిన సంగతి యొకటి కలదు. సన్నని ఉన్నిదారము రొక్కపు సరుకు. అల్లిన శాలువకు గుడ్డ దొరకును, తేయాకు దొరకును. మఱియొక శాలువ అల్లుటకు కావలసిన దారము మాత్రము ఆ లెక్కలో దొరకుట కష్టము. తన చేతిపనితో తన చేతిపనికి కావలసిన ముడిసరుకును కొనలేని పనివాడు ఎన్ని యేండ్లు శ్రమించినను స్వతంత్రుడు కానేరడు. మంచి దారము నెన్నుకొను వివేకము ఆ స్త్రీకి నిండుగా నుండెను; ఎన్నుకొను శక్తి మాత్రము వర్తకుని పెట్టెలో నుండెను. మన మగ్గములవారు షావుకారు ఇచ్చిన నూలు నేసి, షావుకారు కట్టిన కూలి పుచ్చుకొను పద్ధతి నెఱిగిన మీకు దీని భావము తేటతెల్లమగును.

వర్తకుల పక్షమునను చెప్పవలసిన మాట కలదు. శాలువ దూరదేశమున అమ్ముడు పోవుటకు నెలలు పట్టును. వన్నె తగ్గినవి, వాడుక మారినవి మిగిలిపోవును. ఆ నష్టము వర్తకునిదే. సరుకుల లాభముతో అతడు ఆ నష్టమును పూడ్చుకొనుచుండెను. ఇది నిజమే. అయినను నష్టభయము నంతటిని లెక్కలు చూడ వీలులేని బీదస్త్రీ మీద మోపుట న్యాయమని నేను అంగీకరింపను. వెల ఎంతయో ఆమెకు తెలిసిన పిమ్మట తక్కువకు అమ్ముకొనుట వేఱు. వెల తెలియకుండ చీటి పుచ్చుకొనుట వేఱు.

1887లో చట్టము సవరింపబడెను. ఇంటివద్ద తానుగా అల్లి, అయిదు పౌనులకు లోబడిన వెలగల వస్తువును వర్తకునికి అమ్మువారిని కూడ కూలివారితో సమానముగా ఎంచి, వారికి రొక్కమే యీయవలయునని ఆ చట్టము విధించెను. అంతకు ముందటి సంవత్సరమున, 1886లో, చిన్నరైతుల కౌలుభూమికి భద్రత కలిగించిన చట్టము వచ్చియుండెను. చట్టము వ్రాసిన నాడే వాడుక మాఱదు. సరుకుల మాఱకము ఇరువదవ శతాబ్దములోనికిని సాగెను. కాని అడుగుటకు ఆధారము దొరకెను. రానురాను టపాలో పొట్లములు పంపు వసతి యేర్పడి, కొందఱు స్త్రీలు కొనువారికే నేరుగా పంపజొచ్చిరి.

తరువాతి కథ క్లుప్తముగా చెప్పుదును. యంత్రములు చౌకశాలువలను గుప్పించెను. 1920 తరువాత ఫేర్ ద్వీపపు రంగురంగుల చొక్కాలకు ఆదరణ పెరిగి, సన్నశాలువ వెనుకబడెను. మాంసమునకై పెద్దజాతి గొఱ్ఱెలతో కలిపినందున ఉన్ని సన్నదనము పోవునేమోయని, 1927లో మేలుజాతి గొఱ్ఱెల వంశావళిని గ్రంథస్థము చేయుటకు ఒక సంఘ మేర్పడెను. 2011లో శెట్లాండు స్వజాతి యున్నికి, పుట్టినచోటి పేరును ఇతరులు వాడరాదను రక్షణ దొరకెను. నేడు అట్టి శాలువలు అల్లువారు కొద్దిమందియే. కాని విద్య నశింపలేదు.

మీ యిండ్లలో కోడండ్రు, మనుమరాండ్రు అల్లికసూదులు పట్టినవారుందురు. వారికి చెప్పుటకు నాలుగు మాటలు. తేలికశాలువకు రెండు పేటల సన్ననూలు మేలు. కొనుటకు ముందు కొంచెము దారమును నల్లగుడ్డ మీద పఱచి చూడవలయును. లావు సన్నములు కనబడినచో విడువవలయును. మూరెడు దారమును మడచి వ్రేలాడవిడిచినప్పుడు తనంతట గట్టిగ మెలికపడినచో పురి మించినదని గుర్తు. మెడకు తాకించి చూచినచో గఱుకుదనము తెలియును. సామాన్యపు అల్లికకు వాడు సూదికంటె కొంత లావు సూది పట్టినచో చిల్లులు తెఱచుకొనును. మొదట అరచేయి యంత ముక్క అల్లి, కడిగి, లాగి ఆరబెట్టి, అప్పుడు నిర్ణయింపవలయును. మన యెండలకు ఉన్ని అక్కఱలేదనుకొన్నవారు పత్తినూలు వాడవచ్చును; కాని అది ఉన్నివలె లాగిన రూపమును నిలుపుకొనదు, బరువునకు క్రిందికి సాగును. పట్టుదారము నిగనిగలాడి బాగుగా జాలువారును గాని సూదిపై జాఱిపోవును. రంగుదారమైనచో శాలువకు కావలసినదంతయు ఒక్కసారే కొనవలయును. ఒక కాగులో అద్దిన రంగు మఱియొక కాగుకు సరిగా రాదు.

ఇంకొక మాట చెప్పి ముగింతును. మన యూళ్ళలో వడుకువారు, నేయువారు, అల్లువారు, బుట్టలు కట్టువారు కలరు. మీరు పంచాయతులలోను సహకారసంఘములలోను మాట చెల్లు పెద్దలు. వస్తువు ఎంత సన్నముగా నున్నదని మెచ్చుకొనునప్పుడు, దాని ముడిసరుకు ఎవరి సొమ్ముతో వచ్చినది, కూలి రొక్కముగా చేరినదా, ఎన్నాళ్ళకు చేరినది అను మూడు ప్రశ్నలు కూడ అడుగుడు. శెట్లాండు స్త్రీల పక్షమున ఈ ప్రశ్నలను అధికారముతో అడిగి, జవాబులను వ్రాతలో నుంచిన విచారణకు 1872 వఱకు వేచియుండవలసి వచ్చెను. అప్పటికి వారి శాలువలు రాణిగారి భుజముల నెక్కి చాల యేండ్లయి యుండెను.